నన్నడిగి రాసుకో

గోదావరిఖని,
12 ఫిబ్రవరి 1972

సుభద్ర వదినకు,

నీ ఆడబిడ్డ అహల్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరంతా బాగున్నారని అనుకుంటున్నాను. అనుకోక చేసేదేముంది, రెండు నెలల నుంచి నీ దగ్గర్నుంచి కార్డు ముక్క కూడా లేదు. పోయినసారి నేను మంథని వచ్చినప్పుడు అమ్మ నన్ను బావి దగ్గరే ఆపి, నెత్తిన నాలుగు చేదలు పోసి గానీ లోపలికి రానివ్వలేదు. అందుకు నేను అలిగానని అనుకుంటున్నావేమో. అలగలేదు. కాన్పయితే పది రోజులు పురుడు పట్టాలంటుంది అమ్మ. ఇక్కడ వారానికి ముగ్గురో నలుగురో నా చేతుల మీద పుడుతున్నారు. ఆమె లెక్కన నా మైల ఈ జన్మకు తీరేది కాదు.

నా పని ఎట్లా ఉంటుందని అప్పుడు అడిగావు, బస్సు వచ్చి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. మా బొగ్గుగని డిస్పెన్సరీ రిజిస్టరులో ముందు భర్త పేరు రాయాలి. ఇక్కడి ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. మనమూ పలకమనుకో. కానీ వీళ్ళు తడుముకోకుండా గనిలో అతని నంబరు చెప్పేస్తారు. నిన్న ఒకామె వేవిళ్ళకు మందు కోసం వచ్చింది, మూడో నెల. "నీ పెనిమిటి పేరేంది?" అన్నాను. "పన్నెండొందల నలభై" అన్నది. అది నంబరు, పేరు కావాలన్నాను. "గనిల గట్లనే పిలుస్తరు సిస్టరమ్మా, గదే రాసుకో." సరే, నీ పేరు చెప్పమన్నాను. "నా పేరెందుకు?" అన్నది. నా పుస్తకంలోకి అన్నాను. కాసేపు ఆలోచించి "మల్లక్క" అని, తన పేరు తనకే కొత్తగా వినిపించినట్టు నవ్వింది.

రిజిస్టరు కంపెనీది, ఆ పుస్తకం నా సొంతం. ఒక్కొక్కరికి ఒక పేజీ. గురువారం పొద్దున మగవాళ్ళు మొదటి షిఫ్టుకు పోయాక కాలనీ ఆడవాళ్ళందరం నల్లా దగ్గర కూర్చుంటాం. అడుగు ఊడిన గంప ఒకటి, చీర పేలికలతో నేను కుట్టిన బొమ్మ ఒకటి. గంపలోంచి బొమ్మను దించి చూపిస్తాను. తల ముందు వస్తే ఇంట్లోనైనా కనొచ్చు, అడ్డం తిరిగితే జీపెక్కి కరీంనగర్ పెద్ద దవాఖానకు పోవాలి. సమ్మవ్వ అని ఇక్కడ పాత మంత్రసాని ఉంది. నేను వచ్చిన కొత్తలో తన నోట్లో మన్ను కొట్టానని కాలనీ అంతా వినేట్టు తిట్టింది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని బొమ్మను నాకంటే బాగా తిప్పుతుంది.

అన్నీ చూపించాక ఒక్కొక్కరినీ అడుగుతాను. ఎక్కడ కంటవు, పక్కన ఎవలుండాలె, పండుకుంటవా కూసుంటవా, ఏమంటే భయం? మల్లక్క ఏం చెప్పిందో తెలుసా? "ఇంట్లనే కంట. సమ్మవ్వ ఎన్కనుంచి పట్టుకోవాలె, నువ్వు ముందట ఉండాలె, మా అత్త బయటుండాలె." అట్లాగే రాసుకున్నాను. వదినా, వీళ్ళనెవరూ ఇంతకుముందు ఈ మాట అడగలేదట. అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, ఆ తర్వాత ఆపకుండా చెప్తారు. ఆ చెప్పేటప్పటి మొహాలు చూడడానికే పొద్దున్నే లేచి డ్యూటీకి ఉరుకుతున్నాను. ఈ పని అంటే నాకు ప్రాణం. ఇంతకంటే గొప్పగా చెప్పడం రాదు.

జవాబు రాయకపోతే ఈసారి నిజంగానే అలుగుతాను.

అహల్య

~

మంథని,
1 మార్చి 1972

చిరంజీవి అహల్యకు వదిన దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య అన్నం తినేటప్పుడు అందరికీ వినిపించేట్టు చదివాడు. ఉత్తరాలు అట్లా చదవడం ఆయనకు అలవాటు కదా, బడిలో పాఠం చెప్పినట్టు. మైల దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం మింగేశాడు. మీ అమ్మ వెంటనే "అక్కడ ఏదో విడిచిపెట్టినవు, చదువు" అన్నది. చదివాడు. విని అత్తయ్య మజ్జిగ రెండోసారి పోసుకున్నది.

ఇక్కడ అంతా మామూలే. అత్తయ్య ఈ మధ్య నన్ను బావిలో నీళ్ళు తోడనివ్వడం లేదు, మోకాళ్ళ నొప్పులతో తనే తోడుతున్నది. చింతకాయ తొక్కు పెట్టాం, ఎవరైనా వస్తే పంపిస్తాను.

మల్లక్కకు వేవిళ్ళు తగ్గాయా? పొద్దునపూట పోపు వాసన పడడం లేదంటే ఎసట్లో బియ్యం పోసి బయట కూర్చోమను. నిద్ర పట్టకపోవడం ఉందేమో అడుగు. ఇంకొకటి. ఆ గంపలోంచి బొమ్మ కాళ్ళు ముందు వస్తే ఏం చేస్తారో నువ్వు రాయలేదు. తల సంగతి రాశావు, అడ్డం సంగతి రాశావు. ఏం లేదు, ఊరికే అడిగాను.

సుభద్ర

~

గోదావరిఖని,
9 మార్చి 1972

బంగారు వదినకు,

ఊరికే అడిగేదానివా నువ్వు? అమ్మ మోకాళ్ళ నొప్పులతో నీళ్ళు తోడుతున్నదని చదివినప్పుడే లేచి నిలబడ్డాను. కోడలు కడుపుతో ఉంటే తప్ప ఆమె చేద ముట్టదు. ఎన్నో నెల? నాలుగు పడిందా? నాకెందుకు చెప్పలేదు? పోనీ, చెప్పకపోయినా నేను కనిపెట్టాను. డ్యూటీలో పొద్దంతా నవ్వుతూనే ఉన్నాను. సమ్మవ్వ నాకు గాలి సోకిందన్నది.

ఇక నువ్వేమీ ఆలోచించకు. అంతా నేను చూసుకున్నాను. కాన్పు శ్రావణంలో వస్తుంది, అప్పటికి వాగులు పొంగి బస్సులు ఆగిపోతాయి. కాబట్టి ఆషాఢంలోనే ఇక్కడికి రావాలి. మా డాక్టరమ్మతో మాట్లాడాను, మంచం పెట్టించాను, నా క్వార్టరులో వంటకు వేరే పొయ్యి వేయించాను. అన్నయ్యకు ఈ రోజే వేరే ఉత్తరం రాస్తున్నాను, తేదీ కూడా పెట్టాను. నేనే వచ్చి తీసుకుపోతాను. నా పుస్తకంలో నీ పేజీ కూడా నింపేశాను. కాన్పు మా డిస్పెన్సరీలో, బల్ల మీద, పక్కన నేను.

నాలుగేళ్ళ కింద నువ్వు ఒకటిన్నర రోజు ఆ పురిటి గదిలో నొప్పులు పడుతున్నప్పుడు నేను వరంగల్లులో శిక్షణలో కూర్చుని, బిడ్డ కాళ్ళు ముందొస్తే ఏం చేయాలో నోట్సు రాసుకుంటున్నాను వదినా. అదే రోజు, అదే పాఠం. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఈసారి నా చేతులు దాటి ఏదీ పోదు.

నీ అహల్య

~

మంథని,
20 మార్చి 1972

అహల్యకు,

మీ అన్నయ్యకు నువ్వు రాసిన ఉత్తరం నాకు రాసినదాని కంటే ఒక రోజు ముందే వచ్చింది. ఎట్లా చదువుతాడో తెలుసు కదా. చదివి సరేనన్నాడు. అత్తయ్య కాదన్నది, ఈ ఇంటి పిల్ల ఈ ఇంట్లోనే పుట్టాలన్నది. మూడు రోజులు ఇద్దరూ నా మీదుగా మాట్లాడుకున్నారు. నేను వడ్డిస్తూనే ఉన్నాను. ఒక్కరైనా తల ఎత్తి నా వైపు చూడలేదు.

నీకెందుకు చెప్పలేదని అడిగావు. చెప్తే నువ్వు ఇదే చేస్తావని చెప్పలేదు. ముందు నా మనసులో ఏముందో నేను తెలుసుకుందామనుకున్నాను. కొద్దిగా సమయం కావాలనుకున్నాను.

పోయినసారి ఎక్కడ కనాలో అత్తయ్య చెప్పింది. తల్లి లేనిదాన్ని, పుట్టింటి మాటే లేదు. ఈసారి నువ్వు చెప్పావు. పన్నెండొందల నలభై పెళ్ళాన్ని కూర్చోబెట్టి ఏం కావాలో అడిగావు, రాసుకున్నావు. నా పేజీ మాత్రం నువ్వే నింపావు. నేను చదువుకున్నదాన్నని అడగనవసరం లేదనుకున్నావో, నీదాన్నని అనుకున్నావో నాకు తెలియదు.

నేను ఖనికి రావడం లేదు.

సుభద్ర

~

గోదావరిఖని,
2 ఏప్రిల్ 1972

వదినా,

పది రోజులుగా రాసి చింపుతున్నాను. మొదటి ఉత్తరాల్లో నిన్ను ఒప్పించబోయాను. అవి పొయ్యిలోకి పోయాయి.

సమ్మవ్వతో అంతా చెప్పుకున్నాను. విని "ఆమెను అడిగినవా?" అన్నది. ఆమె మా వదిన అన్నాను. "మీ వదినైతే? నోరు లేదా ఆమెకు?" అన్నది. నేను తప్పు చేశాను. పరాయివాళ్ళను అడగడం తేలిక వదినా, వాళ్ళు ఏ జవాబు చెప్పినా తట్టుకోగలను. నిన్ను అడగడానికి భయపడ్డాను. వద్దంటావేమోనని. నన్ను క్షమించు. నేను నింపిన పేజీ చింపేశాను. కొత్త పేజీ మీద నీ పేరు ఒక్కటే ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు మొదటే ఇవ్వాల్సింది. ఇప్పుడిస్తున్నాను, భయపెట్టడానికీ కాదు, ఒప్పించడానికీ కాదు. ఒకసారి కాళ్ళతో వచ్చిందని మళ్ళీ అట్లాగే రావాలని లేదు, చాలామందికి తర్వాతిది తలతోనే వస్తుంది. కానీ కొందరికి మళ్ళీ కాళ్ళే. అట్లా వస్తే ఒళ్ళంతా బయటికి వచ్చాక తల చిక్కుకుంటుంది. అప్పుడు నేర్చిన చెయ్యి ఉండాలి, అదీ నిమిషాల్లో. మంథనిలో ఇంట్లోనే కనేటట్టయితే నీకు తెలిసిన గోడలు, తెలిసిన మనుషులు ఉంటారు. ఆ చెయ్యి మాత్రం ఉండదు, వాగులు పొంగితే పిలిపించడమూ కుదరదు. ఇక్కడ కనేటట్టయితే డాక్టరమ్మ ఉంటుంది. కానీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు నిన్ను ముట్టుకుంటారు, కొందరు కసురుతారు, నీ మడి సాగదు. కడుపు కోసి తీయాల్సి వస్తే కరీంనగర్ పోవాలి, జీపులో రెండు గంటలు. రెండుచోట్లా నూటికి నూరు పాళ్ళు హామీ లేదు. ఉందని చెప్తే అబద్ధం.

ఇంకొకటి. ఇది నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. బిడ్డ కడుపులో ఎట్లా తిరుగుతుందో అది తల్లి చేసేది కాదు. తిన్నదీ కాదు, తొక్కిందీ కాదు, ఎత్తిందీ కాదు. పోయినసారి నువ్వు చేసిన తప్పు ఏదీ లేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఎక్కడ కంటావు? పక్కన ఎవరుండాలి? ఏమంటే భయం? నువ్వు మంథని అంటే మంథనికే జ్యేష్ఠంలో సెలవు పెట్టి వస్తాను, బావి దగ్గర నాలుగు చేదలు పోయించుకుని.

అహల్య

~

మంథని,
25 ఏప్రిల్ 1972

అహల్యకు వదిన దీవెనలు.

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికి పోకుండా పోస్టుమాన్ దగ్గర నేనే తీసుకున్నాను. నాలుగుసార్లు చదివాను.

పోయినసారి గ్రహణం విడవకముందే నిమ్మకాయ కోశాను. ఎవరూ చూడలేదు. నాలుగేళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, దేవుడికి దీపం పెట్టేటప్పుడు కూడా నిమ్మకాయే గుర్తొచ్చేది. నువ్వు రాసింది సగం నమ్మాను. సగం నమ్మినా ఎంత తేలికైందో నీకు తెలియదు.

భయమేమిటని అడిగావు. నొప్పి కాదు, చావు కూడా కాదు. ఆ గది. తలుపు దగ్గరికి వేసి, అన్నం గడప అవతల పెట్టి పోయేవాళ్ళు. ఒక్క మంత్రసాని తప్ప పది రోజులు నన్నెవరూ ముట్టుకోలేదు. పుట్టినదాన్ని నాకు చూపించలేదు, చూస్తే మనసు నిలవదన్నారు. ఆడపిల్ల అని మూడో రోజు ఎవరో అనుకుంటుంటే విన్నాను.

కాబట్టి రాసుకో. నేను ఖనికి వస్తాను. నువ్వు చెప్పావని కాదు, వాగు సంగతి, తల చిక్కుకునే సంగతి తెలిసింది కాబట్టి. సమ్మవ్వ నన్ను వెనక నుంచి పట్టుకోవాలి. డాక్టరమ్మ ఏం చేసినా ముందు చెప్పి చేయాలి. మూడోది నీకు కష్టంగా ఉంటుంది. నువ్వు నర్సుగా ఉండొద్దు. నీ చేతులు దాటి ఏదీ పోదన్నావు చూడు, ఆ మాటకు భయపడ్డాను. అటో ఇటో అయితే నువ్వు జన్మలో కోలుకోవు, మళ్ళీ ఒక కాన్పు చేయలేవు. నాకు తలాపున కూర్చునే ఆడబిడ్డ చాలు.

మీ అన్నయ్యతో చెప్పాను, నీ ఇష్టం అన్నాడు. అత్తయ్యతో కూడా నేనే చెప్పాను. "అక్కడ అందరు ముట్టుకుంటరు గదనే" అన్నది. "ముట్టుకోవాలనే పోతున్న అత్తయ్యా" అన్నాను. మూడో రోజు "నేను గూడ వస్త. నా చెంబు నేను తెచ్చుకుంట" అన్నది.

సుభద్ర

~

గోదావరిఖని,
4 మే 1972

వదినా,

రాసుకున్నాను. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.

మూడోది రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అబద్ధమెందుకు, ఏడ్చాను. మూడేళ్ళలో ఎంతమంది పిల్లలను పట్టుకున్నానో, నీ బిడ్డను మాత్రం పట్టుకోకూడదంటే రోషం వచ్చింది. ఒక పూట డ్యూటీలో అందరి మీదా కసురుకున్నాను. తర్వాత మల్లక్క వచ్చి, తన అత్త గురించి చెప్పింది మార్చుకుంటానన్నది. ఇప్పుడు ఆమె గడప దగ్గర ఉండొచ్చట, లోపలికి మాత్రం వద్దట. కొట్టేసి మళ్ళీ రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఆమెకు నా ఇష్టం అడ్డం రానప్పుడు నీకెందుకు రావాలి?

డాక్టరమ్మ ఒప్పుకున్నది. నొప్పుల వేళ సమ్మవ్వతో కూర్చోవచ్చు, తాను చెప్పినప్పుడు మాత్రం బల్ల మీదికి రావాలన్నది. నీకు సమ్మతమైతేనే.

అమ్మను చెంబు తెచ్చుకోమను. నల్లా నీళ్ళకు మడి ఉందో లేదో నాకు తెలియదు, ఆమే తేల్చుకుంటుంది.

అహల్య

~

మంథని,
20 సెప్టెంబర్ 1972

చిరంజీవి అహల్యకు వదిన దీవెనలు.

వాగు తగ్గింది, బస్సు బాగానే తెచ్చింది. పాప పాలు బాగా తాగుతున్నది, రాత్రీ పగలూ దానికి ఒకటే. మల్లక్క కొడుకు ఎట్లా ఉన్నాడు? ఆమె పేజీలో ఉన్న సమ్మవ్వను నేను ఉంచేసుకున్నానని కోపంగా ఉందేమో, నా తరఫున ఒక మాట చెప్పు. మా వీధిలో ఇద్దరు ఐదో నెల వాళ్ళు నన్ను చూడ్డానికని వచ్చి, పాపను చూడకుండా ఖని సంగతులే అడిగిపోయారు. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది నీకు రాసి అడుగుతానన్నాను.

పురుడు తీరేదాకా నీ క్వార్టరులోనే ఉన్నాను, అయినా ఈ సంగతి చెప్పలేదు. అత్తయ్య పక్కనే ఉండేది. ఆ రోజు లోపల ఏం జరిగిందని నువ్వు కూడా అడగలేదు, అడగాలని నోటిదాకా వచ్చి ఆగడం చూశాను. ఇప్పుడు చెప్తాను.

బిడ్డ కాళ్ళతోనే వస్తున్నదని డాక్టరమ్మ పొద్దున చెప్పినప్పుడు నువ్వు నా తలాపునే ఉన్నావు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడే జీపెక్కడమా, మధ్యాహ్నం రెండో షిఫ్టు సైరన్ దాకా ఇక్కడ చూడడమా అని ఆమె అడిగింది. సైరన్ దాకా చూద్దామన్నాను. మన సమ్మవ్వ నా వెనక గోడలా కూర్చున్నది. అప్పుడే పన్నెండొందల నలభై, మల్లక్క పెనిమిటి, పేరు రాయమల్లట, మొహం నిండా బొగ్గుతో గుమ్మంలోకి వచ్చి "సిస్టరమ్మా, మా ఇంటిదానికి నొప్పులొస్తున్నై. నువ్వు, సమ్మవ్వ ఉండాలన్నది గద" అన్నాడు. నీ మొహం చూశాను. నువ్వు పోనన్నావు. నేను పొమ్మన్నాను. ఆమెకు మాట ఇచ్చావు, నాకు ఇచ్చింది నర్సుగా ఉండనని. నువ్వు నా చెయ్యి వదలడానికి ఎంత సేపు పట్టిందో నాకు తెలుసు.

నువ్వు పోయాక తలాపున ఎవరూ లేరు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ ఖాళీ వైపే చెయ్యి పోయేది. బయట బెంచీ మీద అత్తయ్య చెంబు పట్టుకుని కూర్చున్నది, తలుపు సందులోంచి కొంగు కనిపిస్తున్నది. డాక్టరమ్మ ఎవరినైనా పిలవాలా అన్నది. "మా అత్తయ్య వస్తదేమో అడగండి" అన్నాను. రాదనే అనుకున్నాను. వచ్చింది. చెంబు బయటే పెట్టి వచ్చింది. నా చెయ్యి పట్టుకున్నది. పెళ్ళయి పదకొండేళ్ళు, ఆమె అరచెయ్యి ఎంత గరుకో నాకు అప్పుడే తెలిసింది.

చాలా సేపటికి, నొప్పికీ నొప్పికీ మధ్య, నా చెవిలో అన్నది. "అయిదుసార్లు కన్ననే ఆ గదిల. ఒక్కసారి ఎవలూ పట్టుకోలె. గోడనే పట్టుకున్న." నీకు చెప్పొద్దన్నది. కానీ ఆ అయిదుగురిలో నువ్వొకదానివి, నీకు తెలియాలి. నువ్వు ఉండి ఉంటే ఆమె లోపలికి వచ్చేది కాదు. కాబట్టి నువ్వు పోయావని బాధపడకు.

తర్వాత, సైరన్ ఇంకా మోగకముందే, డాక్టరమ్మ బల్ల మీదికి రమ్మన్నది, వెళ్ళాను. ఒక కాలు వచ్చింది, రెండోది వచ్చింది, నడుము వచ్చింది అని చెప్తూనే ఉన్నది. తల దగ్గర ఆగింది. ఇప్పుడు నోట్లో వేలు పెట్టి గడ్డం వంచుతున్నాను, ముక్కొద్దు, ఆపు అన్నది. ఆపాను. అత్తయ్య నా చెయ్యి నలిపేసింది. దేవుడి పేరు మొదలుపెట్టి మధ్యలోనే మరిచిపోయింది. ఇప్పుడు ముక్కు అన్నది డాక్టరమ్మ. ముక్కాను.

గదిలో చప్పుడు లేదు. సమ్మవ్వ బిడ్డ వీపు రుద్దుతున్నది, నోట్లోకి ఊదుతున్నది. నేను అప్పటికే సిద్ధపడ్డాను అహల్యా. ఈసారి ఎట్లా ఉన్నా చూపించమని అడగాలని, ఆ ఒక్కటీ అడగాలని మాట కూడబెట్టుకుంటున్నాను. ఇంతలో ఏడ్చింది.

సమ్మవ్వ దాన్ని బట్టలో చుట్టి పైకెత్తింది. "ఆడబిడ్డ" అన్నది. ఇటు చూసింది, అటు చూసింది. అత్తయ్య చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. సమ్మవ్వ ఇవ్వలేదు. నా వైపు తిరిగి "ముందుగాల ఎవలకియ్యాలె బిడ్డా?" అని నన్నడిగింది.

"నాకు" అన్నాను.

అత్తయ్య చాచిన చేతులతోనే నా మెడ కింద దిండు ఎత్తి పట్టుకున్నది, చూడడానికి వీలుగా.

నీ వదిన,
సుభద్ర